మీకు తెలుసా? సుజౌ పాత తోటలు, జిన్‌జీ సరస్సు కొత్త తీరం

చైనాలోని షాంఘైలో బుల్లెట్ రైలెక్కితే అరగంటలో సుజౌ వస్తుంది. పడమట కాలువల మధ్య పాత పట్నం, దాని నిండా వందల ఏళ్ల నాటి తోటలు. తూర్పున జిన్‌జీ సరస్సు, దాని చుట్టూ ఆకాశహర్మ్యాలు, జెయింట్ వీల్, కళాకేంద్రాలు, దీపాలతో మెరిసే అంగళ్లు. పొద్దున తోటలు చూసి సాయంత్రం సరస్సు గట్టుకు చేరడం ఇక్కడికొచ్చే కుటుంబాలకు అలవాటు. పైపైన చూస్తే ఈ రెండింటికీ పొంతన కనిపించదు. నిదానంగా చూస్తే మాత్రం కొత్త తీరంలోని మంచి కట్టడాలకు పాఠం చెప్పింది పాత తోటలేనని అర్థమవుతుంది. ఆ తోటల గుట్టు తెలిసి వెళ్తే సరస్సు కూడా వేరేగా కనిపిస్తుంది. అందుకే ముందు తోటల సంగతులు, ఆ తర్వాత సరస్సు సంగతులు.

1. దాదాపు 800 ఏళ్ల నాటి పటం ఇంకా పనికొస్తుంది

సుజౌ వయసు రెండున్నర వేల ఏళ్లు. క్రీ.పూ. 514లో వూ రాజ్యాన్నేలిన హెలూ రాజు కోసం వూ జిషూ అనే మంత్రి ఈ నగరాన్ని కట్టించాడని చరిత్ర చెబుతోంది. 1229లో ఊరి పటాన్ని ఒక పెద్ద రాతిపలక మీద చెక్కారు. కోటగోడ, కాలువలు, వీధులు, వంతెనలు, గుళ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆ శిల ఇప్పటికీ ఊళ్లోని కన్ఫ్యూషియస్ ఆలయంలో భద్రంగా ఉంది. దాన్ని చూసి బయటికొస్తే పాత పట్నంలోని ముఖ్యమైన వీధులు, కాలువల వరస చాలావరకు అలాగే కనిపిస్తుంది. ఇంటి ముందు వీధి, ఇంటి వెనక కాలువ ఇక్కడి పద్ధతి. ఆ అమరిక కళ్లారా చూడాలంటే కాలువ పక్కనే సుమారు 1.6 కి.మీ. సాగే పింగ్‌జియాంగ్ వీధిలో నడవాలి.

2. ఇక్కడి తోటల్లో పచ్చిక బయలు ఉండదు

తోట అనగానే మనకు పచ్చిక, వరసగా పూలమడులు గుర్తొస్తాయి. సుజౌ తోటల్లో అవేవీ లేవు. రాయి, నీరు, చెట్టు, కట్టడం ఈ నాలుగే సరుకు. కొలువు మానుకున్న అధికారులు, చదువుకున్న సంపన్నులు తమ ఇంటి ఆవరణలోనే కొండలూ కోనలూ ఉన్నట్టు కల్పించుకున్నారు. చిత్రకారులే చాలాసార్లు సలహాదారులు. అందుకే ఈ తోటలను చైనా చిత్రపటాల్లాగే చూడాలి. ఒక్కచోట నిలబడితే తోట మొత్తం ఎన్నటికీ కనబడదు. నడిచేకొద్దీ ఒక్కో దృశ్యం విప్పుకుంటుంది.

యునెస్కో 1997లో 4 తోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2000లో మరో 5 కలిపింది. మొత్తం 9. ఈ కళ మీద చైనాలో అత్యంత ప్రసిద్ధమైన గ్రంథం ‘యువాన్‌యె’. 1631లో దాన్ని పూర్తి చేసిన జీ చెంగ్ కూడా ఈ సుజౌ ప్రాంతం వాడే. తోటలు కట్టడమే ఆయన వృత్తి.

3. ఊళ్లోని గోపురాన్ని తోట అరువు తెచ్చుకుంటుంది

జీ చెంగ్ గట్టిగా చెప్పిన సూత్రాల్లో ఒకటి, బయటి దృశ్యాన్ని లోపలికి అరువు తెచ్చుకోవడం. జ్వోజెంగ్ తోటలో చెరువుకు తూర్పు కొసన నిలబడి పడమటి వైపు చూస్తే నీళ్లకు అవతల, చెట్ల మీదుగా ఒక గోపురం లేస్తుంది. అది తోటలోదే అనిపిస్తుంది. నిజానికి అది ఉత్తరాలయ గోపురం. తొమ్మిది అంతస్తులు, 76 మీటర్ల ఎత్తు. తోట గోడకు అవతల దాదాపు కిలోమీటరు దూరంలో ఉంది. గోడ కనిపించకుండా చెట్లను, గోపురానికి అడ్డు రాకుండా కట్టడాలను అమర్చారు. యజమాని ఒక్క ఇటుక కూడా పేర్చకుండానే ఆయన తోటకు తొమ్మిదంతస్తుల గోపురం వచ్చింది.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. గోపురానికీ తోటకూ నడుమ ఎవరూ ఎత్తయిన భవనం కట్టకూడదు. ఒక్క తోటలోని చూపును కాపాడాలంటే ఊరంతా ఒద్దికగా ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, సరస్సు దగ్గరకు వెళ్లాక దీని విలువ తెలుస్తుంది.

4. ఎకరంన్నర కూడా లేని తోట అంతులేనట్టు కనిపిస్తుంది

వాంగ్‌షీ తోట విస్తీర్ణం సుమారు 5,400 చదరపు మీటర్లే. అందులోనే ఇల్లు, చదువుకునే గదులు, చెరువు, మండపాలు. అయినా లోపల తిరుగుతుంటే అది చిన్నదని ఎవరికీ తోచదు. కిటుకులు చాలా ఉన్నాయి. చెరువు మూలల్లో నీటిని రాళ్ల కిందికి, వంతెనల కిందికి మలుపు తిప్పి వదిలేశారు. నీరు ఎక్కడ ఆగిందో కనబడదు కాబట్టి ఎటో పారుతోందనిపిస్తుంది. మూలనున్న రాతి వంతెన నాలుగడుగుల్లో దాటేసేంత చిన్నది. దాని పక్కన చెరువు పెద్దదై కనిపిస్తుంది. మండపాలను నీటి అంచుకు బాగా దింపి కట్టారు.

మరో కిటుకు ల్యూ తోటలో తెలుస్తుంది. గేటు దాటగానే ఇరుకైన, మసక వెలుతురు నడవ. మలుపులు తిరుగుతూ పోతుంటే కళ్లు ఆ చీకటికి అలవాటు పడతాయి. అప్పుడు హఠాత్తుగా చెరువు, ఆకాశం ఎదురవుతాయి. విశాలమైన చోటికి ముందు ఇరుకు దారిలోంచి తీసుకెళ్లడమే ఆ నడవ పని.

5. రాళ్లను కూడా పండించేవారు

తోటల్లో చిల్లులు పడి, మెలికలు తిరిగి, మేఘాల్లా లేచి నిలబడే రాళ్లు సుజౌ పక్కనే ఉన్న తాయ్‌హు సరస్సువి. 2,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ మహా సరస్సులో అలలు సున్నపురాతిని తొలిచి తొలిచి ఆ రూపం ఇస్తాయి. మంచి రాయికి లక్షణాలు నాలుగు. సన్నగా ఉండాలి, ముడతలుండాలి, పైనుంచి కిందికి రంధ్రాలుండాలి, ఇటునుంచి అటు కనబడాలి.

మంచి రాళ్లు కరవైనప్పుడు పనివాళ్లు ఒక ఉపాయం పన్నారు. అనువైన రాయిని ఎంచి, ఉలితో కాస్త దారి చూపించి, మళ్లీ సరస్సు ఒడ్డున నీళ్లలో పెట్టేవారు. మిగతా పని అలలది. తాత నాటిన మామిడికి మనవడు కాయలు కోసినట్టు, ఒక తరం పెట్టిన రాయిని తర్వాతి తరాలు బయటికి తీసేవి. సుజౌ మూలాలున్న ప్రఖ్యాత వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్ ఈ పద్ధతి గురించి ఎన్నోసార్లు ఇష్టంగా చెప్పేవారు.

6. ఈ రాళ్ల మోజు ఒక తిరుగుబాటుకు దారితీసింది

సాంగ్ వంశపు హుయిజోంగ్ చక్రవర్తి గొప్ప చిత్రకారుడు. రాజధాని కైఫెంగ్‌లో కృత్రిమమైన కొండతో ఒక మహా ఉద్యానం కట్టించాడు. దానికి కావలసిన వింత రాళ్లు, అరుదైన మొక్కలు సేకరించడానికి 1105లో సుజౌలో ప్రత్యేక కార్యాలయం వెలిసింది. పడవల బారులు కాలువల్లో ఉత్తరానికి కదిలాయి. పెద్ద రాయి వెళ్లాలంటే అడ్డొచ్చిన వంతెనలు కూల్చారు. ఎవరింట్లో మంచి రాయి ఉన్నా రాజముద్ర వేసి లాక్కున్నారు. జనం కడుపు మండి 1120లో ఫాంగ్ లా నాయకత్వంలో తిరగబడ్డారు. మరి కొన్నేళ్లకే ఉత్తరాది నుంచి జుర్చెన్ సేనలు వచ్చి పడ్డాయి. 1127లో కైఫెంగ్ కూలింది, చక్రవర్తి బందీ అయ్యాడు.

ఆ రోజుల్లో సేకరించి, ఉత్తరానికి చేరకుండా మిగిలిపోయినదని చెప్పే ఒక రాయి ఇప్పుడు ల్యూ తోటలో ఉంది. దాదాపు 6.5 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని ముందు ఫొటో దిగే జనం ఎప్పుడూ తగ్గరు.

7. వాన చప్పుడు వినడానికే గదులు కట్టారు

జ్వోజెంగ్ తోటలో ఒక చిన్న గది చుట్టూ అరటి చెట్లు పెంచారు. వాన పడితే ఆకుల మీద చప్పుడు వినాలి, అంతే దాని పని. మరో మండపం ముందు చెరువులో తామరలు. ఎండిన తామరాకుల మీద శరత్కాలపు వాన ఎలా వినిపిస్తుందో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. అరటి, తామర మనకు పెరటి మొక్కలు, మన ఊరి చెరువు పూలు. వాటిని చెవులతో ఆస్వాదించడానికి మండపం కట్టాలన్న ఊహ మాత్రం ముచ్చట గొలుపుతుంది.

అదే తోటలో పడమటి భాగంలో ఒక పెద్ద మందిరం ఉంది. మధ్యలో అడ్డుగోడ పెట్టి దాన్ని రెండుగా చేశారు. చెరువు గాలి తగిలే ఉత్తర భాగం వేసవికి, ఎండ పడే దక్షిణ భాగం చలికాలానికి. కిటికీలకు నీలి గాజు బిగించారు. ఆ గాజులోంచి చూస్తే మండు వేసవిలో కూడా బయట మంచు కురిసినట్టుంటుంది. వంపు తిరిగిన లోకప్పు అక్కడ పాడే కున్‌చూ సంగీతాన్ని నిండుగా వినిపిస్తుంది.

8. ఒక్క తోటలో 108 కిటికీలు, ఏ రెండూ ఒకలా ఉండవు

ఇప్పుడున్న సుజౌ తోటల్లో అన్నింటికన్నా పాతది సాంగ్‌లాంగ్ మండపం. 11వ శతాబ్దంలో, పదవి పోగొట్టుకుని ఇక్కడికొచ్చిన సు షున్‌చిన్ అనే కవి దీన్ని స్థాపించాడు. దీని నడవల గోడల్లో 108 జాలీ కిటికీలు ఉన్నాయని లెక్క. ఒకదాని అల్లిక ఇంకోదానికి రాదు. చాలా తోటలు గోడ చాటున దాక్కుంటే ఇది బయటి కాలువను కూడా తనలో కలిపేసుకుంటుంది. నడవకు ఒక పక్క తోట, మరో పక్క కాలువ, మధ్యలో జాలీలు.

ఈ తోట పక్కనే 18వ శతాబ్దంలో షెన్ ఫు అనే రచయిత కాపురం ఉండేవాడు. భార్యతో గడిపిన రోజుల గురించి ఆయన రాసిన ఆత్మకథను చైనీయులు ఇవాళ్టికీ ప్రేమగా చదువుతారు. 2018 నుంచి ఆ కథనే కున్‌చూ సంగీత రూపకంగా ఈ తోటలోనే ఆడుతున్నారు. ప్రత్యేకంగా రంగస్థలం లేదు. నటులు వంతెన మీద, మండపంలో, కిటికీ వెనక కనిపిస్తుంటారు. ప్రేక్షకులు వాళ్ల వెంట నడుస్తారు. ఈ ప్రాంతంలోనే పుట్టిన కున్‌చూను యునెస్కో 2001లో మానవాళి వారసత్వ కళగా ప్రకటించింది.

9. జూదంలో చేజారిన తోట ఇప్పుడు అందరిదీ అయింది

జ్వోజెంగ్ తోట సుజౌలో అతి పెద్దది, సుమారు 5 హెక్టార్లు. 1509 ప్రాంతంలో వాంగ్ షియాన్‌చెన్ అనే అధికారి రాజకొలువు విడిచి వచ్చి దీన్ని మొదలుపెట్టాడు. ఆయన మిత్రుడు, మహా చిత్రకారుడు వెన్ జెంగ్‌మింగ్ 1533లో ఈ తోట దృశ్యాలను 31 చిత్రాలుగా గీసి, ఒక్కోదానికి ఒక్కో కవిత జోడించాడు. తండ్రి పోయాక కొడుకు ఈ తోటను జూదంలో పోగొట్టుకున్నాడని చెబుతారు. ఆ తర్వాత ఎన్నో చేతులు మారింది, ముక్కలైంది. 1860 దశకంలో తైపింగ్ తిరుగుబాటు నాయకుడు లీ షియుచెంగ్ దీన్ని తన రాజభవనంలో కలుపుకున్నాడు. ఒకనాడు ఒక్క కుటుంబం కోసం కట్టిన తోటలో ఇప్పుడు టికెట్ కొన్న ప్రతివారూ తిరగొచ్చు.

10. రాళ్ల గుహల్లో దాగుడుమూతలాడిన పిల్లాడు ఊరికి మ్యూజియం కట్టాడు

షిజీలిన్ తోట 1342లో ఒక బౌద్ధ విహారంతో మొదలైంది. తియాన్‌రు అనే భిక్షువు తన గురువు స్మృతిలో దీన్ని కట్టించాడు. ఇక్కడి రాళ్ల గుట్టలు ఒక పెద్ద పద్మవ్యూహం. ఎక్కుతూ దిగుతూ గుహల్లోంచి పోతే వచ్చిన చోటికే తిరిగొస్తారు. పిల్లలున్న కుటుంబాలు ముందుగా రావలసిన తోట ఇదే. 1917లో దీన్ని పెయ్ కుటుంబం కొనుక్కుంది. ఆ కుటుంబంలో ఒక కుర్రాడు సెలవులకు వచ్చి ఈ గుహల్లో ఆడుకునేవాడు. అతడే పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టిన ఐ.ఎం. పెయ్.

సుజౌ మ్యూజియం కొత్త భవనం ఆయన చేతి మీదుగా 2006లో తెరుచుకుంది. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. ఒక పక్క జ్వోజెంగ్ తోట, కాస్త దూరంలో తను ఆడుకున్న షిజీలిన్. చుట్టూ ఉన్న పాత ఇళ్లను మించకుండా భవనంలో ఎక్కువ భాగాన్ని ఒక్క అంతస్తుకే పరిమితం చేసి, కొంత భాగాన్ని నేల కిందికి దించారు. గోడలు తెల్లనివి, అంచులు బూడిద రంగువి, అచ్చం సుజౌ పాత ఇళ్ల రంగులే. పెంకుల చోట మాత్రం గ్రానైట్, పైన గాజు.

అందరూ ఆగిపోయే చోటు మ్యూజియం చెరువు అవతలి గోడ. అది జ్వోజెంగ్ తోటకూ దీనికీ ఉమ్మడి గోడ. దాని ముందు పలుచగా కోసిన రాళ్లను వరసగా నిలబెట్టారు. తెల్లగోడే కాగితం, రాళ్లే కొండలు. సాంగ్ కాలపు చిత్రకారుడు మీ ఫు గీసిన వానకాలపు కొండలు ఆయనకు స్ఫూర్తి. చిల్లుల రాళ్ల తోటను మళ్లీ కాపీ చేస్తే తాతల పనికి సాటిరాదని పెయ్‌కు తెలుసు. అందుకే రాళ్లు మార్చి, పద్ధతి నిలుపుకున్నారు. మ్యూజియం ముంగిట్లోని విస్టీరియా తీగ కూడా పక్క ఆవరణలో వెన్ జెంగ్‌మింగ్ నాటాడని చెప్పే తీగ నుంచి తెచ్చి అంటు కట్టినదే.

11. పాత ఊరిని కాపాడటానికే కొత్త ఊరు సరస్సు దగ్గరికి వెళ్లింది

ఇప్పుడు సరస్సు సంగతి. 1986లో సుజౌ నగర ప్రణాళికకు చైనా కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. పాత పట్నాన్ని మొత్తంగా కాపాడాలి, కొత్త అభివృద్ధి బయట జరగాలి అన్నది దాని సారం. పాత పట్నంలో భవనాల ఎత్తుకు 24 మీటర్ల హద్దు పెట్టారు. అరువు తెచ్చుకున్న గోపురం ఇవాళ్టికీ తోటలోంచి కనబడుతోందంటే ఈ హద్దు చలవే.

1994లో చైనా, సింగపూర్ ప్రభుత్వాలు కలిసి సుజౌ ఇండస్ట్రియల్ పార్కు ప్రారంభించాయి. దాని నడిబొడ్డున జిన్‌జీ సరస్సు, వైశాల్యం 7.4 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో చుట్టూ పొలాలు, చేపలు పట్టే పల్లెలు. సింగపూర్ నుంచి నేర్చుకున్న మొదటి పాఠం, పైన కట్టేముందు కింద వేయాలి. రోడ్లు, మురుగు కాలువలు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు ముందు, భవనాలు తర్వాత. రెండో పాఠం, ప్రతి పేటకూ కూరగాయల మార్కెట్టు, దుకాణాలు, ఆసుపత్రి వంటివన్నీ ఒకేచోట దొరికే కేంద్రం. వీటికి తోడు సరస్సు గట్టును ప్రైవేటు గోడలకు వదలకుండా నడకదారులుగా, పార్కులుగా తీర్చిదిద్దారు. అందుకే ఈ రోజు ఎవరైనా నీటి పక్కన హాయిగా నడవగలుగుతున్నారు.

12. సరస్సులోని గట్టు పడవవాళ్ల కోసం వేసింది

జిన్‌జీ సరస్సులోకి చొచ్చుకుపోయే లీగోంగ్ గట్టు పొడవు సుమారు 1.4 కి.మీ. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ అధికారిగా ఉన్న లీ చావోచియోంగ్ దీన్ని వేయించాడు. గాలివానకు సరస్సులో అలలు లేచి పడవలు మునుగుతుంటే వాటికి అడ్డుకట్టగా ఇది ఉపయోగపడింది. కృతజ్ఞతగా జనం గట్టుకు ఆయన ఇంటిపేరు పెట్టుకున్నారు. ఇప్పుడు దాని మీద తెల్లగోడలు, నల్లపెంకుల వరసల్లో హోటళ్లు, టీ దుకాణాలు. సరస్సు చుట్టూ కొత్తవాటి మధ్య నిజంగా పాతదైన కట్టడం ఇదే.

సరస్సు ఒడ్డున సింగపూర్ శిల్పి సన్ యు-లి చేసిన పెద్ద లోహశిల్పం ఉంది. ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు చక్రాలు రెండు దేశాల చెలిమికి గుర్తు. తూర్పు ఒడ్డున ఒక బజారు వీధికి పైకప్పుగా దాదాపు 500 మీటర్ల ఎల్‌ఈడీ తెర పరిచారు. రాత్రయితే చేపలు, నక్షత్రాలు నెత్తిమీద ఈదుతుంటాయి. 120 మీటర్ల జెయింట్ వీల్ కూడా ఈ తీరానిదే.

పశ్చిమ తీరాన 302 మీటర్ల ఎత్తున రెండు బురుజులు పైన కలిసిపోయిన ‘తూర్పు ద్వారం’ ఉంది. దాని ఆకారం చూసి జనం ప్యాంటు అని పిలుచుకుంటారు. అయితే అది నిలబడిన చోటు చూడండి. పాత పట్నం మధ్యలోంచి తూర్పు పడమరలుగా సాగే గాన్‌జియాంగ్ వీధి వరసలోనే ఉంది. కోట ద్వారాలున్న ఊరు తన ఎల్లను సరస్సు దాకా జరుపుకుని అక్కడ ఇంకో ద్వారం పెట్టుకుంది.

13. కొత్త కట్టడాల్లో తోట నడవలు దాగి ఉన్నాయి

సరస్సు తూర్పు ఒడ్డున 2007లో తెరుచుకున్న కళాకేంద్రాన్ని ఫ్రాన్స్ వాస్తుశిల్పి పాల్ ఆంద్రూ రూపొందించారు. బీజింగ్‌లోని గుడ్డు ఆకారపు జాతీయ రంగశాల కూడా ఆయనదే. ఇక్కడ భవనమంతా ఒక లోహపు జాలీ కప్పుకుని ఉంటుంది. సాంగ్‌లాంగ్ మండపంలో జాలీ కిటికీలు చూసి వచ్చినవారికి దీని మూలం ఇట్టే తెలిసిపోతుంది. రాత్రి లోపలి దీపాలు ఆ అల్లికలోంచి బయటికి వస్తాయి.

జెయింట్ వీల్ పక్కనే డెన్మార్క్‌కు చెందిన బ్యార్కె ఇంగెల్స్ సంస్థ సమకాలీన కళా మ్యూజియం రూపొందించింది. వైశాల్యం 60,000 చదరపు మీటర్లు. అంత స్థలాన్ని ఒకే పెద్ద పెట్టెలా కట్టకుండా మండపాల సమూహంగా విడగొట్టి, వాటిని కప్పున్న నడవలతో కలిపారు. తోటల్లో వానకు తడవకుండా ఒక మండపం నుంచి ఇంకోదానికి తీసుకెళ్లే నడవలే ఇవి. అలల్లా లేచి దిగే ఆ కప్పులను జెయింట్ వీల్ మీద నుంచి చూసేవారిని కూడా లెక్కలో పెట్టుకుని గీశారు. వీల్ మ్యూజియం కప్పులను అరువు తెచ్చుకుంటోంది, మ్యూజియం సరస్సును అరువు తెచ్చుకుంటోంది. జీ చెంగ్ చూస్తే సంతోషించేవాడు.

తైవాన్‌లో పేరుపడ్డ ఎస్లైట్ పుస్తకాల అంగడి చైనా ప్రధాన భూభాగంలో తన మొదటి శాఖను 2015లో తెరిచింది కూడా ఈ సరస్సు పక్కనే. మాల్‌కు ఆకర్షణగా పుస్తకాలను ఎంచుకోవడం ఈ ఊరి స్వభావానికి తగిన పని.

14. మొగ్గలు లెక్కపెట్టి కొలిచే టీ ఇక్కడిదే

తాయ్‌హు సరస్సు ఒడ్డు కొండల్లో పండే బిలువోచున్ చైనాలో పేరుమోసిన పచ్చ టీ. పండ్లచెట్ల మధ్య ఈ టీ పొదలు పెంచుతారు. మేలు రకం అరకిలో కావాలంటే 60 వేలకు పైగా లేత మొగ్గలు గిల్లాలి. వసంతంలో వెళ్లేవారు కొత్త టీ తాగొచ్చు. శరత్కాలంలో వెళ్లేవారికి యాంగ్‌చెంగ్ సరస్సు పీతలు ప్రత్యేకం. చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెలలో ఆడ పీత, పదో నెలలో మగ పీత రుచి అని ఇక్కడివారి లెక్క.

15. ఒక్క మెట్రో లైను రెండు కాలాలనూ కలుపుతుంది

సుజౌకు సొంత విమానాశ్రయం లేదు. షాంఘైలో దిగి రైల్లో రావాలి. 2020లో ఆగిపోయిన భారత్–చైనా నేరు విమానాలు 2025 చివర్లో మళ్లీ మొదలయ్యాయి. మన రాష్ట్రాల వారు ఢిల్లీ నుంచి గానీ, సింగపూర్ మీదుగా గానీ షాంఘై చేరవచ్చు.

2012లో మొదలైన మెట్రో 1వ లైను పాత పట్నం కింది నుంచి సరస్సు దాకా వెళ్తుంది. పొద్దున తోట తెరవగానే లోపలికి వెళ్లండి, గుంపులు రాకముందే వాంగ్‌షీ వంటి చిన్న తోటలో కూర్చునే భాగ్యం దొరుకుతుంది. మ్యూజియం ప్రవేశం ఉచితం, కానీ ముందే పేరు నమోదు చేసుకోవాలి, సోమవారం సెలవు. పాస్‌పోర్టు దగ్గరుండాలి. చెల్లింపులు దాదాపు అన్నీ ఫోన్‌లోనే కాబట్టి అలీపేలో మన కార్డు ముందే జోడించుకోవడం మేలు. అక్టోబరు మొదటి వారం అక్కడ జాతీయ సెలవులు, ఆ రోజుల్లో తోటల్లో కాలు పెట్టే చోటుండదు. జూన్‌లో ముసురు పడుతుంది, అయినా అరటాకుల మీద వాన వినాలనుకునేవారికి అదే తగిన కాలం.

16. చైనా వెళ్లకుండా కూడా సుజౌ తోట చూడొచ్చు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘ఆస్టర్ కోర్ట్’ పేరుతో ఒక ఆవరణ ఉంది. అది వాంగ్‌షీ తోటలోని ఒక ముంగిలికి ప్రతిరూపం. సుజౌ నుంచి వెళ్లిన 27 మంది పనివాళ్లు తమ పనిముట్లతో అక్కడికక్కడే కట్టారు. 1981లో అది తెరుచుకుంది. కెనడాలోని వాంకూవర్‌లో 1986లో, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2000లో సుజౌ పనివాళ్లు పూర్తిస్థాయి తోటలు కట్టారు. పోర్ట్‌లాండ్, సుజౌ సోదర నగరాలు. ఆ తోటకు రాళ్లు కూడా తాయ్‌హు నుంచే వెళ్లాయి. సింగపూర్‌లో జురాంగ్ సరస్సు పక్కనున్న చైనీస్ గార్డెన్‌లో సుజౌ శైలి మరుగుజ్జు చెట్ల తోట ఉంది. సరస్సు పక్క పార్కులో చైనా తోట చూడాలన్న కోరిక అక్కడ కూడా తీరుతుంది.

ఈ ఊళ్లన్నింటిలో తెలుగువాళ్లు ఉన్నారు. సెలవురోజున పిల్లలను తీసుకెళ్లండి. కిటికీ ముందు నిలబెట్టి, ఇందులోంచి ఏం కనబడుతోంది, ఎందుకు అదే కనబడేలా కట్టారు అని అడగండి. నీరు ఎక్కడ ఆగిందో వెతకమనండి. ఆ రెండు ప్రశ్నలు అలవాటైతే, తర్వాత ఏ ఊరి చెరువుగట్టు మీద నిలబడినా ఏది దృశ్యానికి అడ్డొస్తోందో, ఏది దాన్ని కాపాడుతోందో వాళ్లే గుర్తుపడతారు.